మాటవరసకి అడిగిన కారు

కొత్తరేవు పట్నంలో కారు కొనేవాడికి సలహా ఇచ్చినవాళ్లు ఒక్కొక్కరూ ఇద్దరవుతారు. ఒకరు ఎప్పటిలాగే ఇంట్లో ఉండి తమ పని తాము చూసుకుంటారు. రెండోవారు ఆ కారు సీటులో కూర్చుని ఐదేళ్లపాటు దిగరు. ఇందులో వింతేమీ లేదు. ఊరి రవాణా కార్యాలయం వాళ్లు దీనికోసం ఒక విభాగం పెట్టి, ఆకుపచ్చ కౌంటరు కట్టించి, దానికి భోజన విరామం కూడా ప్రకటించి చాలా కాలమైంది. ఇంట్లో ఉండే మనిషిని ఇంటాయన అంటారు, కారులో ఉండే మనిషిని సీటాయన అంటారు. ఆడవాళ్లయితే ఇంటావిడ, సీటావిడ. రేషను బియ్యం ఇంటివాళ్లకే ఇస్తారు. సీటువాళ్లకు ఆకలీ దప్పికా ఉండవు గాని, ఏసీ లేకపోతే ఊరుకోరు.

ఏ సీటు ఎవరిదన్న పేచీ కూడా లేదు. ముందు నోరు విప్పినవారికి స్టీరింగు, తర్వాతివారికి పక్క సీటు, ఆ తర్వాత వెనకవరస. సీట్లన్నీ నిండాక కూడా ఇంకెవరైనా సలహా ఇస్తే వాళ్లను డిక్కీలో సర్దుతారు. స్టీరింగు దక్కినవాడికి నడపడం రాకపోతే ఎలా అని మొదట్లో ఎవరో అడిగారట. కారు గురించి అంత తెలిసినవాడికి నడపడం తెలియకుండా ఉంటుందా అని కార్యాలయం వాళ్లు జవాబిచ్చారు. ఆ జవాబును ఇంతవరకు ఎవరూ కాదనలేదు, ప్రమాదాలు కూడా మిగతా ఊళ్లలో జరిగినన్నే జరుగుతున్నాయి.

ఒక్కటే నియమం. సలహా అడిగి తీసుకున్నదై ఉండాలి. అడక్కుండా ఇచ్చిన సలహా లెక్కలోకి రాదు. దాన్ని కూడా లెక్కలో వేసుకుంటే కొత్తరేవులో కార్లు కాదు, రైళ్లు కూడా చాలవు. కాబట్టి సొంత కారులో సొంతంగా కూర్చోవాలనుకున్నవాడు ఎవరినీ అడగకుండా కొనుక్కుంటే సరిపోతుంది. దానికి ఏ అడ్డంకీ లేదు. అయినా ఆ పని చేయగలిగినవాడు ఆ ఊళ్లో ఇంతవరకు పుట్టలేదు.

పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసే కర్రి వరహాలు ఆ పని తాను చేసి చూపిద్దామనుకున్నాడు. అతనికి భార్య నూకరత్నం, తల్లి సూరమ్మ, కూతురు లిఖిత, కొడుకు జశ్వంత్, ఒక స్కూటరు ఉన్నారు. స్కూటరు మీద ముగ్గురు పడతారు, పిల్లలు ఊపిరి బిగబడితే నలుగురు పడతారు. ఎంత బిగబట్టినా ఐదుగురు పట్టరు. పెళ్లయినప్పటినుంచి ఏ శుభకార్యానికైనా వరహాలు రెండు విడతలుగా సంసారాన్ని చేరవేస్తున్నాడు. రెండో విడత వచ్చేసరికి మొదటి విడతవాళ్లు చేతులు కడుక్కుంటూ కనపడతారు. నలుగురిలో కూర్చుని ఇంటిల్లిపాదీ ఒక్క వరసలో భోంచేసిన గుర్తు ఆ కుటుంబానికి లేదు.

అన్నిటికంటే సముద్రం సంగతి అతన్ని తొలిచేస్తుండేది. కొత్తరేవుకు సముద్రం ఎంతో దూరం లేదు. గాలి మళ్లితే ఉప్పువాసన వీధిలోకి వస్తుంది. అయినా సూరమ్మ ఇన్నేళ్లొచ్చినా సముద్రం చూడలేదు. భర్త ఉన్నంతకాలం తీరిక లేదు, ఆ తర్వాత చోటు లేదు. ముందు నిన్ను దింపి, తర్వాత వాళ్లను తీసుకొస్తానని వరహాలు ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు.

"నన్నొక్కదాన్నీ ఆ ఇసకలో నిలబెట్టేసి నువ్వొచ్చేస్తే, చూసినోళ్లు ఏ దిక్కూ లేనిదనుకుంటార్రా. ఎల్తే ఐదుగురం ఒక్కసారే ఎల్దాం. లేదంటే నాకు సముద్రవూ వద్దు, ఏవీ వద్దు" అనేది.

ఈ మధ్య ఆవిడకు కంట్లో పొర మొదలైంది. సముద్రం చూడాలంటే త్వరగా చూడాలి. చిట్టీ పాడిన డబ్బు, సొసైటీలో వచ్చే అప్పు కలిపితే ఒక చిన్న కారు వస్తుందని వరహాలు లెక్క తేల్చాడు. అంతకు ఒక్క రూపాయి మించినా ఇల్లు గడవదని నూకరత్నం తేల్చింది. ఎవరికీ చెప్పకూడదు, ఎవరినీ అడగకూడదు అని ఇద్దరూ కలిసి తేల్చారు.

వాళ్లు ఎంత జాగ్రత్త పడ్డారంటే ఫోనులో కార్ల వీడియోలు చూడటం కూడా మానేశారు. వెతికి చూస్తే అది అడిగినట్టే లెక్క. వెనకవీధిలో మందుల షాపు ప్రసాదు ఒకే ఒక్క వీడియో చూసిన పాపానికి, ఎక్కడో బెంగళూరులో ఉండే గడ్డం కుర్రాడొకడు వచ్చి అతని కారు వెనకసీటులో కూర్చున్నాడు. మలుపు మలుపుకీ గంట నొక్కమంటాడు. ప్రసాదు దేవుడి గదిలో గంట తెచ్చి కారులో కట్టినా ఆ కుర్రాడు శాంతించలేదు.

షోరూములో మాత్రం ఆ భయం లేదు. అక్కడి కుర్రాళ్లకు ముందే తర్ఫీదు ఇస్తారు. ధర అడిగితే ధర చెబుతారు, మైలేజీ అడిగితే మైలేజీ చెబుతారు. "రెంటిలో ఏది బావుంటుంది?" అంటే మాత్రం తలెత్తి ఫ్యాను వైపు చూస్తారు. ఒక్కసారి నోరు జారినా ఐదేళ్లు ఎవరి కారులోనో తిరగాలి, అందులోనూ తాము అమ్మిన కారులో. నూకరత్నానికి ఈ పద్ధతి నచ్చింది. ఆమె బియ్యం బస్తా ఒకటి వెంట తీసుకెళ్లి, అత్తగారి బదులు దాన్ని వెనకసీటులో కూర్చోబెట్టి, పక్కన పిల్లలను కూర్చోబెట్టి, తాను దూరంగా నిలబడి చూసింది. బస్తా ఒరగకుండా కూర్చున్న కారునే మనసులో పెట్టుకుంది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం మొగుడూ పెళ్లాలు కూర్చుని ఒక్కో సౌకర్యాన్నీ వదులుకుంటూ వచ్చారు. ముందు గేర్లు వాటంతటవే పడే సదుపాయం పోయింది. తర్వాత మెరిసే చక్రాలు పోయాయి. పాటలు వినిపించే తెర పోతుందంటే జశ్వంత్ ఒక పూట అన్నం మానేశాడు గాని, అదీ పోయింది. చివరికి అద్దాలు మీట నొక్కితే దిగే పద్ధతి కూడా పోయి, చేత్తో తిప్పుకునేవి మిగిలాయి. దాంతో ధర వాళ్ల చేతిలోకి వచ్చింది.

"సముద్రం దగ్గర ఎలాగూ అద్దాలు దించుకునే కూచుంటాం కదండీ. ఒక్కసారి తిప్పుకుంటే చాలు" అంది నూకరత్నం.

అడ్వాన్సు కట్టేశారు. వారం తిరిగేసరికి బండి చేతికి వస్తుంది. ఎవరినీ అడగలేదు. వరహాలు ఆ నాలుగు రోజులూ ఆసుపత్రిలో గేదెలకు సూది వేస్తూ కూడా తనలో తాను నవ్వుకున్నాడు. ఐదోరోజున పశువుల డాక్టరుగారి మనవడి బారసాల వచ్చింది.

భోజనాల దగ్గర వరహాలుకు ఒకవైపు తోడల్లుడు సత్యంబాబు, రెండోవైపు రిటైరైన డ్రాయింగు మాస్టారు జగ్గారావు కూర్చున్నారు. ఎదురుగా వరహాలు పిన్ని వీరలక్ష్మి, ఆవిడ పక్కన ఎవరి తాలూకో ఎవరికీ తెలియని ఒక పెద్దమనిషి. డాక్టరుగారు స్వయంగా నిలబడి అందరినీ మొహమాటపడకుండా తినమంటున్నారు. పప్పు అయింది, పులిహోర అయింది. సాంబారు వస్తోంది.

"ఏవోయ్ వరహాలూ, ఇంకా ఆ స్కూటరు మీదేనా ఊరేగడం?" అన్నాడు సత్యంబాబు, గారె తుంచుకుంటూ.

మంచి ముహూర్తాన అన్నీ కుదిరాక కూడా తోడల్లుడి చేత స్కూటరు మాట పడటం వరహాలుకు రోషం తెప్పించింది. చెప్పకూడదనే అనుకున్నాడు. చెప్పేశాడు.

"లేదన్నయ్యగారూ, వచ్చేవారం చిన్న కారొకటి తీసేసుకుంటన్నావండి. ఏవంటారు?"

ఆ చివరి మాట అతను అడగాలని అడగలేదు. కొత్తరేవులో ఏ మాటకైనా చివర అది వచ్చి తీరుతుంది. వానొచ్చేట్టుందండి, ఏవంటారు? మా అమ్మాయికి మగపిల్లాడండి, ఏవంటారు? నేనింక పడుకుంటానండి, ఏవంటారు? అలా అనకుండా నోరు మూసుకున్నవాడిని ఆ ఊళ్లో తలపొగరుబోతు అంటారు. వరహాలు తలపొగరుబోతు కాడు. మర్యాదస్తుల ఇంట పుట్టి, మర్యాదగా మాట్లాడి, మర్యాదగా మునిగిపోయాడు.

వరసలో అందరూ విస్తళ్ల మీంచి తలలెత్తారు.

"తెల్లది తీసుకో. అమ్ముకునేటప్పుడు తెల్లదానికే ధర" అన్నాడు సత్యంబాబు.

"తెలుపెందుకయ్యా, మట్టి కొట్టుకుపోద్ది. వెండి రంగు తీసుకో. గీత పడ్డా కనపడదు" అన్నారు జగ్గారావు మాస్టారు.

"రంగేదైతే ఏంట్రా, నెంబరు కూడితే తొమ్మిది రావాలి" అంది వీరలక్ష్మి పిన్ని.

"ఇంకొక్క లక్ష ఏసుకుంటే పెద్దదే వచ్చేత్తది కదండీ" అన్నాడు ఎవరి తాలూకో తెలియని పెద్దమనిషి.

"అసలు కొత్తదెందుకోయ్? డాక్టర్లు వాడిన పాతబండి చూసుకో" అన్నారు డాక్టరుగారు.

"గేస్ కిట్టు పెట్టించెయ్యండి సార్" అన్నాడు సాంబారు వడ్డించే మనిషి, గరిటె ఆపకుండా.

వరహాలు చేతిలో అప్పడం అలాగే ఉండిపోయింది. ఆడవాళ్ల వరసలో కూర్చున్న నూకరత్నం అంతా వింది. ఇంకా పెరుగు కూడా రాకుండానే విస్తరి మడిచి లేచింది.

కారు తీసుకునే రోజున ఐదుగురూ రెండు విడతలుగా స్కూటరు మీద షోరూముకు వెళ్లారు. కొబ్బరికాయ, నిమ్మకాయలు, బంతిపూల దండ తీసుకెళ్లారు. కారు మీద కప్పిన గుడ్డ తీసేసరికి లోపల సీట్లు నిండి ఉన్నాయి. స్టీరింగు ముందు సీటాయన సత్యంబాబు, పక్కన సీటాయన జగ్గారావు మాస్టారు, వెనక వీరలక్ష్మి పిన్ని, పెద్దమనిషి, డాక్టరుగారు బెల్టులు పెట్టుకుని కూర్చున్నారు. డిక్కీలోంచి గరిటె చప్పుడు వినిపించింది. షోరూము కుర్రాడు తాళాలు వరహాలు చేతిలో పెట్టి ఫొటో తీసి, ఆ తాళాలను మళ్లీ తీసుకుని సీటు సత్యంబాబుకు అందించాడు.

ఇంటి సత్యంబాబు కూడా శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చాడు. చేతులు కట్టుకుని కారు చుట్టూ తిరిగి, అద్దంలోంచి లోపల ఉన్న తనను తాను పరీక్షగా చూసుకున్నాడు.

"కొంచెం ఒళ్లు చేశాను కదా?" అన్నాడు దిగులుగా.

"మీకేవండి బావగారూ, మీరు సుఖంగా కూచున్నారు" అంది నూకరత్నం. దెప్పుదామని అన్న మాట అది, కాని సత్యంబాబు దాన్ని పొగడ్తగా తీసుకున్నాడు.

కారు నిమ్మకాయలు తొక్కుకుంటూ వెళ్లిపోయింది. ఐదుగురూ రెండు విడతలుగా ఇంటికి వచ్చారు.

ఆ తర్వాత కారు వల్ల ఏ ఇబ్బందీ లేదు. రోజూ పొద్దున్నే వరహాలు దాన్ని కడిగేవాడు, పెట్రోలు పోయించేవాడు. అది వెళ్లిపోయేది. శుక్రవారాలు పిన్ని చెప్పిన గుడికి వెళ్లేది. మాస్టారు పనిచేసిన పాత బడుల చుట్టూ తిరిగేది. ఎవరి తాలూకో తెలియని పెద్దమనిషి తనకెక్కడికి వెళ్లాలో నోరు తెరిచి చెప్పేవాడు కాదు గాని, అతని వంతు వచ్చినప్పుడల్లా కారు మార్కెట్టు వెనక తాళం వేసున్న ఒక ఇంటి ముందు కాసేపు ఆగి తిరిగి వచ్చేది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగడం వల్ల ఏం జరుగుతుందో ఇప్పుడు వరహాలుకు బాగా తెలుసు.

ఒకరోజు మనసు ఉగ్గబట్టుకోలేక అతను కారు కిటికీ దగ్గరకు వెళ్లి వంగి నిలబడ్డాడు.

"అన్నయ్యగారూ, ఒక్కసారి అలా సముద్రం దాకా ఎళ్లొస్తే? మా అమ్మని ఒళ్లో అయినా కూచోపెట్టుకుంటారని..."

"సముద్రవా? ఉప్పుగాలికి బాడీ మొత్తం తుప్పు పట్టిపోదూ?" అన్నాడు సీటు సత్యంబాబు.

రంగు దగ్గర, నెంబరు దగ్గర, గేస్ కిట్టు దగ్గర ఏనాడూ ఒక్క మాట మీదికి రాని సీటువాళ్లందరూ ఈ ఒక్క విషయంలో ఏకమై తలలూపారు. డిక్కీలోంచి కూడా ఔనన్నట్టు రెండుసార్లు చప్పుడైంది.

సాయంత్రం కారు ఇంటికొచ్చాక సూరమ్మ బయటికి వచ్చేది. బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, ఆ వెచ్చదనం చల్లారేదాకా నిలబడేది. "మంచి బండే కొన్నావురా అబ్బాయ్" అనేది. ఆ మాటలో వెటకారం లేదు. వెటకారం ఉన్నా బాగుండేదని వరహాలుకు అనిపించేది. ఒకసారి ఆవిడ చెయ్యి ఆనించబోయి, పొర కమ్మిన కంటికి దూరం అందక, గాలిలో తడుముకుంది. వరహాలు పెరట్లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాడు.

మర్నాడు అతను సెలవు పెట్టి రవాణా కార్యాలయంలోని ఆకుపచ్చ కౌంటరుకు వెళ్లాడు. అక్కడ హైమావతి అనే సూపరింటెండెంటు కూర్చుని కాగితాలకు ముద్రలు వేస్తోంది. వరహాలు జరిగింది చెప్పుకున్నాడు.

"మీరు అడిగారా, లేదా?" అంది హైమావతి.

"మాటవరసకన్నానండి."

"అందరూ మాటవరసకే అడుగుతారండి. నిజంగా సలహా కావాల్సినవాడు ఇంతవరకూ ఈ కౌంటరు కాడికి రాలేదు."

"వాళ్లని దింపడానికి మార్గవేదైనా..."

"ఐదేళ్లండి."

"ఈలోగా మేవెక్కడ కూచోవాలండి?"

హైమావతి మొదటిసారి తలెత్తి చూసింది. ఇంత తెలివితక్కువ ప్రశ్న ఆమె చాలా రోజులుగా విన్నట్టు లేదు.

"మిమ్మల్నెవరూ అడగలేదా?"

"నన్నెవరడుగుతారండి? స్కూటరు మనిషిని."

"ఇప్పుడు కారున్న మనిషి కదండీ. కారున్నోళ్లనే అడుగుతారు జనం. నాకూ కారుందండి. దాన్నిండా మా ఆడపడుచులే. నేను దాన్లో ఒక్కసారి కూడా ఎక్కలేదు. అయితే ఏవైంది? మా పక్కింటివాళ్లు కొంటా నన్నడిగేరు. ఇప్పుడు నేను అరకులో ఉన్నానండి" అంటూ ఆమె ఇంకో కాగితం మీద ముద్ర వేసింది.

వరహాలు కౌంటరు మీదికి వంగాడు.

"అక్కడ చలిగా ఉందాండి?"

"నాకెలా తెలుస్తాదండీ? నేనిక్కడున్నాను కదా" అంది హైమావతి. భోజన విరామం కావడంతో కౌంటరు మూసేసింది.

కార్యాలయం మెట్లు దిగుతుంటే వరహాలుకు గుండెల మీదినుంచి ఏదో దించినట్టయింది. ఇన్నాళ్లూ తనకొక్కడికే అన్యాయం జరిగిందనుకుని కుమిలిపోయాడు. రోడ్డు మీద పోతున్న కార్లను ఇప్పుడు కొత్తగా చూశాడు. ఏ కారులోనూ దాని సొంతదారు లేడు. అయినా ఏ కారూ ఖాళీగా లేదు. ఊరంతా తిరుగుతూనే ఉంది. తాను చేయాల్సిందల్లా ఎవరైనా వచ్చి అడిగేదాకా ఓపిక పట్టడమే.

ఇంటికొచ్చి చెబితే నూకరత్నం చీర కొంగు బిగించి ఆ రోజే శిక్షణ మొదలుపెట్టింది. ఎవరైనా అడిగితే ఒకరి మాట ఇంకొకరు అందుకుని, బయటివాళ్లకు సందివ్వకుండా ఐదుగురూ ఐదు సలహాలు ఇచ్చేయాలి. ఇంట్లో ఉన్న పీటలు రెండు ముందు, మూడు వెనక వేసి, అత్తగారినీ పిల్లలనూ కూర్చోబెట్టి వల్లె వేయించింది. ముందు తానే మాట్లాడతానంది.

"అంటే స్టీరింగు నీకొచ్చేత్తది కదే. నీకు నడపడం రాదు కదా?" అన్నాడు వరహాలు.

"మా బావగారికొచ్చా?" అంది నూకరత్నం. వరహాలు వెళ్లి వెనక పీట మీద కూర్చున్నాడు.

వాకిట్లో కారు ఉన్న ఇంటికి అడిగేవాళ్లు రాకపోరు. ఒక ఆదివారం పొద్దున్న, హైస్కూలుకు కొత్తగా బదిలీ మీద వచ్చిన సోషలు మాస్టారు లింగమూర్తి భార్య భవానిని వెంటబెట్టుకుని గేటు తీసుకుని వచ్చాడు. వాళ్లది రాయలసీమ. ఊరి పద్ధతులు ఇంకా వంటబట్టలేదు. భవాని చంకలో ఏడాది పిల్లాడు దగ్గుతున్నాడు.

"వరహాలు సార్, మీ కారు చూస్తా ఉంటాము రోజూ. మేము గూడా చిన్నది ఒకటి తీసుకుందామని. ఏది తీసుకుంటే బాగుంటుందంటారు?" అన్నాడు లింగమూర్తి, చెప్పులు విడవకముందే.

"పిల్లోనికి స్కూటరు గాలి పడదు సార్. రాత్రంతా ఆయాసమే" అంది భవాని.

పిల్లాడు మళ్లీ దగ్గాడు. వరహాలుకు లోపల ఎక్కడో చివుక్కుమంది. వాళ్లను అక్కడే ఆపి, అడగకండి, వెళ్లిపోండి అని చెబుదామనుకున్నాడు. కాని అడగడం అప్పటికే అయిపోయింది.

"వెనకసీటు ఎడల్పున్నది తీసుకోండి మాస్టారూ. పిల్లాణ్ని పడుకోబెట్టుకోవచ్చు" అంది నూకరత్నం.

"అద్దాలు పెద్దయి ఉండాలి బాబూ. బయటంతా అవుపడాల" అంది సూరమ్మ.

"నీలం రంగుది" అంది లిఖిత.

"పాటలొచ్చే తెర ఉన్నది అంకుల్, వదలకండి" అన్నాడు జశ్వంత్, ఎప్పటి కోపమో తీర్చుకుంటున్నట్టు.

నాలుగు సీట్లు నిండాయి. అందరూ వరహాలు వైపు చూశారు. అతనికి వల్లె వేసిన సలహా మైలేజీ గురించి. కాని అతని చూపు భవాని చంకలో పిల్లాడి మీద ఉంది. పిల్లాడు రొప్పుతూ అతన్ని చూసి నవ్వాడు. ఒక్క సీటు మిగిలింది. కనీసం ఆ ఒక్క సీటులో ఆ తల్లి, ఆ పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే చాలు కదా అనుకున్నాడు. వల్లె వేసిందంతా మరిచిపోయి, మనసారా చెప్పేశాడు.

"ఇంక మీరెవర్నీ అడక్కండి మాస్టారూ. మా తల్లి మీదొట్టు. ఎవర్నీ అడక్కుండా కొనేసుకోండి."

లింగమూర్తి చేతులు జోడించాడు. "ఇంతమంది చెప్పినదాంట్లో ఇదే సార్ అసలైన సలహా" అన్నాడు.

ఐదో సీటు కూడా నిండింది.

వరహాలు రాత్రి అన్నం తినలేదు. తన మంచితనానికి కూడా సీటు ఇచ్చేస్తారని అతను అనుకోలేదు. నూకరత్నం మాత్రం ఈ సంగతిని ఇంకోలా చూసింది. "మైలేజీ గురించి చెప్తే ఒక్క సీటొచ్చేది. ఇప్పుడు ఒక్క సీటూ వచ్చింది, మంచి మాటా చెప్పినట్టయింది. మీరేం తప్పు చేసేరండీ?" అంది. అతను ఎంత వెతికినా అందులో తప్పు కనపడలేదు. కనపడకపోయేసరికి ఆకలి వేసింది.

లింగమూర్తి మాట నిలబెట్టుకున్నాడు. ఇంకెవరినీ అడగకుండా నీలం రంగు కారు కొన్నాడు. దాని డిక్కీ ఖాళీగా ఉందని ఊళ్లో చాలామంది విడ్డూరంగా చెప్పుకున్నారు. బండి వచ్చిన రోజు పొద్దున్న వరహాలు ఇంటి ముందు ఆగింది. ఇంట్లోవాళ్లు ఐదుగురూ ఉన్నపళంగా వీధిలోకి వచ్చారు.

స్టీరింగు ముందు నూకరత్నం కూర్చుని ఉంది. పెళ్లిలో కట్టిన పట్టుచీర కట్టుకుని, రెండు చేతులతో చక్రం పట్టుకుని, మెడ నిటారుగా పెట్టుకుని ఉంది. పక్కన సూరమ్మ, తల దువ్వుకుని, కొత్త కళ్లజోడు పెట్టుకుని ఉంది. వెనక పిల్లలు, వాళ్ల పక్కన వరహాలు. సీటులో ఉన్న తన మొహాన్ని వరహాలు చాలాసేపు చూశాడు. అంత నిమ్మళమైన మొహం అతను అద్దంలో ఎప్పుడూ చూసుకోలేదు.

"రత్నం, నువ్వెంత బావున్నావే" అన్నాడు.

"నాకూ అలాగే అనిపిస్తందండి" అంది ఇంటి నూకరత్నం. వీధిలో ఆమె పాత చీరలో, చేతికి ఇడ్లీపిండితో నిలబడి ఉంది.

లింగమూర్తి పెట్రోలు డబ్బు కట్టి, భార్యనూ పిల్లాణ్నీ స్కూటరు ఎక్కించుకుని పక్కన నిలబడి ఉన్నాడు. భవాని పిల్లాడి చెవులకు గుడ్డ చుట్టింది. కారు అద్దాలు దిగాయి, మీట నొక్కితే దిగే అద్దాలు. కారు కదిలి, వీధి చివర మలుపు తిరిగి, సముద్రం రోడ్డు ఎక్కింది. ఐదుగురూ ఒక్కసారే వెళ్లారు. ఒకరు ముందూ ఒకరు వెనకా కాదు. ఒక్క విడతలో వెళ్లారు.

"హమ్మయ్య" అన్నాడు వరహాలు. అన్నాక అతనికి కన్నీళ్లు ఆగలేదు. సంతోషంతోనే ఏడుస్తున్నానని పక్కనున్నవాళ్లకు చెప్పాడు, వాళ్లూ నమ్మారు. తర్వాత ఇంటివాళ్లంతా లోపలికి వెళ్లి తమ పనులు తాము చేసుకున్నారు. నూకరత్నం ఇడ్లీలు వేసింది, సూరమ్మ వాటిని సాంబారులో ముంచుకుని తింది. పిల్లలు లెక్కలు చేసుకున్నారు. ఉప్పుగాలి వీచింది.

సాయంత్రం లింగమూర్తి ఒక్కడే వచ్చాడు. అప్పటికి ఆకుపచ్చ కౌంటరుకు వెళ్లి, హైమావతిని కలిసి వచ్చినట్టున్నాడు. అతని మొహంలో కోపం లేదు, పొద్దున్న లేని తేలికదనం ఉంది.

"సార్, మీ ఆసుపత్రికి వచ్చేటోళ్లల్లో ఎవురైనా కారు కొనాలనుకుంటా ఉంటే, మమ్మల్ని అడగమని చెప్తారా? ముగ్గురమే. పిల్లోనికి ఇంగా మాటలు రాలేదు, నేర్పిస్తా ఉన్నాము" అన్నాడు.

"తప్పకుండా చెప్తానండి మాస్టారూ" అన్నాడు వరహాలు. ఆ మాట అనగలిగినందుకు అతనికి ఎంతో ఊరట కలిగింది. పిల్లాడి ఆయాసం సంగతి ఇంక తాను ఆలోచించనక్కర్లేదు.

దీపాలు పెట్టే వేళకు నీలం కారు వీధిలోంచి వెనక్కి వెళ్లింది. ముందుసీటులో సూరమ్మ తల చెదిరి ఉంది. చేటంత మొహం చేసుకుని ఏదో చెబుతోంది, మిగతా నలుగురూ నవ్వుతున్నారు. అద్దాలు మూసి ఉండటం వల్ల ఆ మాటలు బయటికి వినపడలేదు. వాళ్లలో ఎవరూ ఇంటివైపు చూడలేదు.

అరుగు మీద కూర్చున్న సూరమ్మ కారు చప్పుడు దూరమయ్యేదాకా చెవి ఒగ్గి, అప్పుడు కొడుకు చెయ్యి పట్టుకుంది.

"ఏరా, ఎల్లొచ్చేసేవా?"

"వచ్చేసేవమ్మా."

"ఐదుగురవీ?"

"ఐదుగురవీ."

"నేను బాగా చూసేనంటావా?"

"తనివితీరా చూసేవమ్మా" అన్నాడు వరహాలు.

"అలలు పెద్దయ్యేనా?"

"ఇంతింత అలలు."

సూరమ్మ చాలా తేలిగ్గా ఊపిరి విడిచింది. ఇంక తనకే బెంగా లేదంది. లోపలికి వెళ్లబోతూ గడప దగ్గర ఆగి, అరికాళ్లకు అంటని ఇసకను ఒకదాని తర్వాత ఒకటి శ్రద్ధగా దులుపుకుంది.